బాపుకు తినవెట్టినవా

నేను యూనివర్సిటీల ఏం చదువుతాన్ననో మా అమ్మకు ఏండ్లకేండ్లు సమజ్ కాలే. "కణాలు పెంచుతనమ్మా" అంటే "పెంచి?" అనేది. "మందు పోసి చూస్తం" అంటే "చూసి?" అనేది. ఆ రెండో "చూసి?"కు నా దగ్గర గూడ సక్కటి జవాబు లేకుండె. పెండ్లిళ్లల్ల ఎవరన్న అడిగితే "మా బిడ్డ డాక్టరే, సూదులిచ్చే డాక్టరు గాదు, ఇంకో తీరు" అని చెప్పి జారుకునేది.

మాది మట్టెవాడల గాజుల దుకానం. ముందట దుకానం, ఎనుక ఇల్లు. సరుకు తెచ్చుడు, వచ్చినోళ్లతోని ముచ్చట వెట్టుడు బాపు పని. గాజులు తొడిగేది మాత్రం అమ్మనే. చెయ్యి ఎంత బిరుసున్నా సరే, దాన్ని తన ఒళ్లె వెట్టుకొని, వేళ్లు కూడదీసి, మెల్లగ ఒత్తుకుంట, "మీ అత్తగారిది ఏ ఊరు? మామిడికాయ తొక్కు పెట్టిండ్రా?" అని అడిగేది. వాళ్లు జవాబు చెప్పుడు అయిపోకముందే డజను ఎక్కిపోయేటియి. పెండ్లిపిల్లలకు అమ్మ చెయ్యి మంచిదని పేరు. హన్మకొండ నుంచి గూడ తోలుకొచ్చేటోళ్లు. ముత్తైదువ చెయ్యి గద మరి. ఈ మాట జర యాదుంచుకోండ్రి.

బాపుకు పెద్దపేగుల గడ్డ ఉన్నదని తేలినప్పుడు నేను పీహెచ్‌డీ మధ్యల ఉన్న. అప్పటికే మా యూనివర్సిటీల నాలుగు డిపార్టుమెంట్లు కలిసి ఒక పని పట్టుకున్నయి. దవాఖాన డాక్టర్లు ఆపరేషన్ల కోసి తీసిన గడ్డల నుంచి చిన్న ముక్క ఇస్తరు. మేం బయోటెక్నాలజీ వాళ్లం ఆ ముక్కల నుంచి కణాలు పెంచుతం. మెటీరియల్ సైన్స్ వాళ్లు మందును మోసుకపోయే సన్నటి పొడి తయారు చేస్తరు, కుంకుమ దానిముందు రవ్వ అనుకోవాలె. ఆ పొడిని మా కణాల మీద పోసి చూడాలె. ఇగ మేనేజ్‌మెంట్ పిల్లలేమో రేపు ఆ మందును మార్కెట్ల ఎట్ల అమ్మాలె, డబ్బ ఏ రంగుల ఉండాలె అని రాసుకుంట కూసునేటోళ్లు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మా ల్యాబ్‌ల వాళ్లను చూసి నవ్వుకునేటోళ్లం.

ఇంట్ల ఒకసారి మాటల మాటగ చెప్తే బాపు గుర్తు పెట్టుకున్నడు. ఆపరేషన్ ముందటి రోజు సర్జన్ సంతకం కోసం వస్తే, "సార్, కోసి పారేసేదే గదా, గది మా బిడ్డోళ్లకు ఇయ్యుండ్రి. సరుకు వేస్ట్ ఎందుకు?" అన్నడు. సర్జన్ నవ్విండు. నాకు నవ్వు రాలే.

ఐసు డబ్బ మీద పేరుండది, నంబరే ఉంటది. కానీ ఆ దినం వచ్చింది ఒక్కటే డబ్బ, తెచ్చింది నేనే. మా గైడ్ సారు మంచాయన. "ఇది ఇంకొకరికి ఇస్తనమ్మా, నీకెందుకు బాధ" అన్నడు. నేను ఒప్పుకోలే. "వేరేటోళ్లు అజాగ్రత్తల ఎండవెడితే? నేనే చూసుకుంట సార్" అన్న. సారు నా మొకం చూసి, డబ్బ నా దిక్కు జరిపిండు.

చాన ముక్కలు గిన్నెల పట్టవు. పెట్టిన కణాలు పెట్టినట్టే నల్లవడి పోతయి. బాపుది పట్టింది. మైక్రోస్కోపుల చూస్తే గిన్నె అడుగుకు అతుక్కొని, పక్కకు పక్కకు జరుక్కుంట జాగ చేసుకుంటాన్నయి. ఇంటికొచ్చి చెప్పిన. బాపు అప్పుడప్పుడే కోలుకుంటాండు, దిండుకు ఒరిగి కూసున్నడు.

"పట్టిందా? చూసినవా, మన సరుకు గట్టిది" అన్నడు. "చిన్నప్పుడు నిన్ను నేను పెంచిన. ఇప్పుడు నన్ను నువ్వు పెంచు." మల్ల అమ్మ దిక్కు తిరిగి, "ఇగో, రేపు నాకేమన్న అయితే ఫికర్ జెయ్యకు. నా ముక్కొకటి నీ బిడ్డ దగ్గర బతికే ఉంటది" అన్నడు.

బాపు రోజుకు వంద మాటలు గిట్లనే అనేటోడు. దుకానంల సగం బేరాలు ఆయన పరాచికాలతోనే అయ్యేటియి. అమ్మ వాటిల ఒక్కటి గూడ ఎన్నడు పట్టించుకోలే. పట్టించుకున్నది గీ ఒక్కటే.

నేను అప్పుడే చెప్పిన, దాచిపెట్టలే. "అమ్మా, అది బాపు గాదు. బాపును తింటాన్న రోగం. రోగం కణాలను పెంచుతాన్న నేను" అన్న. అమ్మ పెసళ్లు ఏరుతాంది. తల ఎత్తకుంటనే, "ఆయన ఒంట్ల పుట్టింది ఆయనది గాక ఎవలదే? కొడుకు చెడ్డోడైతే తండ్రి పేరు వేరే రాస్తరా?" అన్నది. పీహెచ్‌డీ చేస్తాన్నదాన్ని, పోయి ఆమె పక్కన కూసొని పెసళ్లు ఏరిన.

రోగం మల్లొచ్చింది. ఈసారి కాలేయానికి పాకింది. పెద్ద దవాఖానల ఐసీయూల వేసిండ్రు. అద్దాల తలుపు, తలుపు ముందట సెక్యూరిటీ. పొద్దుగాల జరసేపు, మాపటికి జరసేపు, ఒక్కలే పోవాలె. అమ్మ స్టీలు చెంబుల నీళ్లు పోసుకొని, అండ్ల తులసాకు వేసుకొని, కొంగు కప్పుకొని ఆ తలుపు కాడ కూసునేది. పోయే మనిషి నోట్లె అయినోళ్లు ఇన్ని నీళ్లు పొయ్యాలె. పొయ్యకపోతే ఆ దూప తీరదని మా దిక్కు నమ్మకం. సెక్యూరిటీ ఆయన "నీళ్లు లోపలికి తీసుకపోవద్దమ్మా, ఇన్ఫెక్షన్" అనేటోడు. ఆయన తప్పేమున్నది, ఆయన డ్యూటీ ఆయనది. నాకు తెలుసు ఇన్ఫెక్షనంటే ఏందో. తెలిసినా గానీ ఆ అద్దం పలగ్గొట్టాలనిపించింది.

బాపు పొద్దుగాల పోయిండు, మమ్మల్ని లోపలికి పిలిచే టైము గాకముందు. పోయినంక నర్సమ్మ వచ్చి చెప్పింది. అమ్మ చెంబుల నీళ్లు అట్లనే ఉన్నయి. ఆ నీళ్లను దవాఖాన గేటు కాడ మొక్కల్ల పోసి, ఖాళీ చెంబు పట్టుకొని ఆటో ఎక్కింది. "నోట్లె సుక్క నీళ్లు పొయ్యకపోతిమి. ఒక్కడే పోయిండు" అని తొవ్వ పొడుగూత అన్నది. ఆ తర్వాత గూడ అన్నం ముందు కూసున్నప్పుడల్లా అదే మాట.

మూడొద్దుల నాడు పిట్టకు పెట్టినం. బాపుకు ఇష్టమైనయన్ని విస్తరిల పెట్టి దూరం జరిగి నిలవడ్డం. కాకులు కరెంటు తీగ మీద కూసున్నయి గానీ దిగలే. పొద్దెక్కింది, ఎండ మండుతాంది. మా మేనత్త, బాపు అక్క, "తమ్మునికి ఏదో మిగిలిపోయింది మనసుల" అని ఏడ్చింది. అమ్మ ఏడ్వలే. "ఎట్లొస్తడు? ఇంకా పోతే గద వచ్చేది" అన్నది. ఆమె ఏం మాట్లాడుతాందో అప్పుడు నాకొక్కదానికే అర్థమైంది.

పదకొండో రోజు అందరికీ అర్థమైంది. వాకిట్ల పీట వేసిండ్రు. అమ్మను కూసోవెట్టి, బొట్టు తుడిచి, గాజులు పలగ్గొట్టి, మట్టెలు తీసే తంతు గది. ముసలోళ్లు నలుగురు తయారుగ నిలవడ్డరు. అమ్మ రాలే. దర్వాజ పట్టుకొని, "ఆయన పూర్తిగ పోలే. నా బిడ్డ దగ్గర ఉన్నడు. ఆయనుండంగ నేను మట్టెలు తియ్య" అన్నది.

"నీకు పిచ్చి గిట్ల లేసిందా?" అన్నది అత్తమ్మ. నా దిక్కు తిరిగి, "నువ్వన్న చెప్పవే, చదువుకున్నదానివి" అన్నది.

చెప్పిన. "బతికే ఉన్నయి అత్తమ్మా. నిన్న చూసొచ్చిన" అన్న. ఉన్న మాటే గద, నేనేం కల్పించలే. నాకు ఆ పీటను చూస్తేనే ఒళ్లు మండుతాంది. పోయినాయన పోయిండు, బతికున్నదాన్ని పదిమంది పట్టి కూసోవెట్టి చేతులు పలగ్గొట్టుడేంది? అందునా గాజులమ్ముకొని బతికే ఇంట్ల! "ఎవలన్న అమ్మ చెయ్యి పట్టుకుంటే బాగుండది" అని ఆ పీటను ఎత్తి గోడకు ఆనిచ్చిన. అత్తమ్మ శాపనార్థాలు పెట్టి మన్నెత్తి పోసి, తిని కూడ పోకుంట వెళ్లిపోయింది.

ఆ దినం సంది మా ఇంట్ల ఒక కొత్త మాట మొదలైంది. నేను ల్యాబ్ నుంచి వచ్చి చెప్పులు ఇడువంగనే, "బాపుకు తినవెట్టినవా?" అని అడిగేది అమ్మ.

"పెట్టిన."

"ఏం పెట్టినవ్?"

"రోజు పెట్టేదే అమ్మా. ఎర్రటి నీళ్లు."

"ఉప్పు కారం ఏం లేనియే? అయ్యో, ఆయనకు పచ్చిపులుసు లేనిది ముద్ద దిగది గదనే."

కణాలకు వేసే ఆహారం ఎర్రగ, గులాబి రంగుల ఉంటది. రెండు మూడు రోజులకొకసారి మార్చాలె. బతుకమ్మ పండుగకు యూనివర్సిటీకి సెలవులిస్తే, దుకానంల గాజుల గిరాకి మోపుగ ఉన్నా గానీ, "నువ్వు పో, ముందుగాల ఆయనకు పెట్టిరా. పండుగపూట పస్తుంచుతరా?" అని నన్ను ఎల్లగొట్టేది. వాచ్‌మన్ తాళం తీసుకుంట, "పండుగకు గూడ ఏం ల్యాబమ్మా?" అనేటోడు. ఇంట్ల పెద్దాయనకు అన్నం పెట్టొస్తాన్న అని ఎట్ల చెప్తం?

బజార్ల మాటలు మొదలైనయి. "దుకానం నడువాలని ముత్తైదువ ఏషం ఏస్తాంది" అన్నరు. పెండ్లిపిల్లలను తోలుకొచ్చుడు కొందరు బంద్ చేసిండ్రు. ఒకామె అయితే అమ్మ ముందటనే, "నువ్వు వద్దు, మీ బిడ్డను తొడగమను" అన్నది. నేను లేచిన కొట్లాటకు. అమ్మ నా రెక్క పట్టి గుంజింది. "ఊకో బిడ్డా. లోకులు కాకులు. పెట్టిననాడు రాని కాకులు ఊకె అరిస్తే మనకేంది?" అన్నది. ఆమెకు నేనే తొడిగిన. రెండు గాజులు పలిగినయి, నా చెయ్యి అమ్మ చెయ్యి గాదు.

చలికాలం దాటినంక ల్యాబ్‌ల పరిస్థితి మారింది. సారు ముందు జాగ్రత్తకు కొన్ని కణాలను చలిపెట్టెల గడ్డకట్టించి పెట్టిండు. బయటికి తీసి చూస్తే ఒక్కటి లేవలే. గిన్నెలల్ల ఉన్నయి గూడ ఎనుకటి తీరు పెరుగుతలేవు, అలిసిపోయిన మనుషుల తీరు కదులుతాన్నయి. "ఇంకా ఆలస్యం చేస్తే అవంతట అవే పోతయమ్మా. మనం పరీక్ష చేసేదుంటే ఇప్పుడే చెయ్యాలె" అన్నడు సారు. మల్ల, "నువ్వు చెయ్యకు, వేరేటోళ్లు చేస్తరు" అన్నడు. నేను ఎప్పటి తీర్గనే, "నేనే చేస్త సార్" అన్న.

ఆ మాపటికి అమ్మ అడిగితే, "ఇయ్యాల మందు పోసినమమ్మా" అన్న.

"మందా! మంచి మందేనా?"

"మంచిదే."

"గీ మందేదో ఆయన మంచంల ఉన్నప్పుడు రాకపాయె" అని, కండ్లు తుడుసుకొని, దేవుని పటం ముందట దీపం ముట్టిచ్చింది. "ఇప్పుడన్న నిమ్మలపడనియ్యి దేవుడా" అని మొక్కింది. మందంటే ఆమెకు తెలిసింది ఒక్కటే, మనిషిని బతికిచ్చేది. మేం ఎవల్ని చంపెతందుకు పోస్తాన్నమో చెప్పెతందుకు నాకు నోరు రాలే. ఆ దీపం ముందట నిలవడి ఎట్ల చెప్పాలె? మీరైతే చెప్తరా?

మూడో నాటికి మందు పనిచేసింది. అతుక్కొని ఉండే కణాలు అంచులు ముడుచుకొని, గుండ్రంగయి, అడుగు ఇడిసి తేలినయి, ఒక్కటి మిగలలే. సారు సప్పట్లు కొట్టిండు. మెటీరియల్ సైన్స్ వాళ్లు స్వీట్లు తెచ్చిండ్రు. మాకు అది పండుగే, నిజంగ పండుగే. రేపెన్నడో ఆ పొడి మందైతే, ఎవలి బాపో తన దుకానంల కూసొని పరాచికాలాడుతడు. అదంత నాకు తెలుసు. తెలిసే, గ్లౌజులు తీసి పారేసి, డిపార్టుమెంట్ ఎనుక మెట్ల మీద కూసొని ఎక్కెక్కి ఏడ్చిన. బాపు పోయిననాడు అమ్మను పట్టుకునుడుకే సరిపోయింది నాకు. ఏడ్చుడు ఆ దినం అయింది.

ఇంటికి పోతే, "తినవెట్టినవా?" అన్నది అమ్మ. "ఆ" అన్న. అబద్ధమే. ఏం జేయమంటరు?

యూనివర్సిటీల ఏటేటా పరిశోధనల ప్రదర్శన పెడ్తరు, ఎవలైనా వచ్చి చూడొచ్చు. ఆ ఏడు పేపర్ల జిల్లా పేజీల మా పని గురించి చిన్న వార్త పడ్డది. మా ఎదురుంగ బట్టల దుకానం పెద్దాయన అది అమ్మకు చదివి వినిపించిండట. "మీ బిడ్డోళ్ల మందు పనిచేసిందట చెల్లే!" అని. నాకీ సంగతి తెల్వది. నేను పొద్దుగాలనే ప్రదర్శనకు పోయిన.

హాలు నిండ బల్లలు, గోడల పొంటి పోస్టర్లు. మాది నాలుగు డిపార్టుమెంట్ల పని గనుక నాలుగు బల్లలు కలిపి వేసిండ్రు. ఒక కొసకు డాక్టర్లు, ఇంకో కొసకు మేనేజ్‌మెంట్ పిల్లలు, వాళ్ల డబ్బ చివరికి ఆకుపచ్చ రంగుకు ఖాయమైంది. నేను ఎవలో పెద్దమనుషులకు చెప్పుకుంట అటు తిరిగి ఉన్న. ఇటు తిరిగేసరికి అమ్మ మా పోస్టర్ ముందట ఉన్నది. పట్టుచీర కట్టుకున్నది. ఒక చేతుల గారెల డబ్బ, ఇంకో చేతుల గాజుల పెట్టె. ఇంత బొట్టు పెట్టుకొని, మొకం కళకళలాడుతాంది.

పోస్టర్ కాడ ఎమ్మెస్సీ పిల్ల నిలవడ్డది. పాపం, ఎవలొచ్చినా సులువుగ చెప్పాలని మేమే నేర్పినం దానికి. "చూడండి ఆంటీ, ఈ ఎడమ ఫొటోల ఉన్నయి బతికున్నయి. ఈ కుడి ఫొటోల మందు పోసినంక. అన్ని చచ్చిపోయినయి. ఇదే మా సక్సెస్!" అన్నది సంబురంగ.

నేను ఉరికిన గానీ ఆ మాట నాకంటె ముందే చేరింది.

అమ్మ ఎడమ ఫొటో చూసింది, కుడి ఫొటో చూసింది. నన్ను చూసింది. "ఇది ఆయన ముక్కనేనా బిడ్డా?"

"అదేనమ్మా."

"మందు పనిచేసిందన్నరు?"

"పనిచేసిందమ్మా. దాని పనే గది."

అమ్మ గారెల డబ్బ బల్ల మీద పెట్టింది. "ఇంట్ల మనిషి పోతే ఇంటోళ్లకు చెప్పరా?" అన్నది, మెల్లగ. ఆ పిల్లకు ఏం సమజ్ గాక "సారీ ఆంటీ, సారీ" అనుకుంట నా దిక్కు చూస్తాంది.

అమ్మ అక్కడున్న కుర్చీల కూసున్నది. గాజుల పెట్టె తెరిచింది. ఆ పిల్లను దగ్గరికి పిలిచి, "చెయ్యి తేవే" అన్నది. పెండ్లిపిల్లకు తొడిగినట్టే, చేతిని ఒళ్లె వెట్టుకొని, వేళ్లు కూడదీసి తొడిగింది. మా ల్యాబ్ ఆడపిల్లలందరినీ పిలిచి తొడిగింది. ఎప్పుడు మాట్లాడుకుంట తొడిగేది, ఆ దినం ఒక్క మాట మాట్లాడలే. ఎవలో ఇదేదో ప్రోగ్రామనుకొని ఫొటోలు తీసుకున్నరు. ఎందుకు తొడుగుతాందో నాకు తెలిసింది, ఇగ మల్ల తొడగది గనుక. నేను పోస్టర్ పక్కన నిలవడి, ఆమె చేతులను చూసుకుంట ఉన్న.

ఇంటికొచ్చినంక అమ్మ కాళ్లు కడుక్కొని, నేను గోడకు ఆనిచ్చిన పీటను తనే తెచ్చి వాకిట్ల వేసుకున్నది. "ఎవ్వలను పిలువకు" అన్నది. నేను ముందట కింద కూసున్న. తిడితే బాగుండు, రెండు కొట్టినా బాగుండు అనుకుంటాన్న.

"మందు ఎవలు పోసిండ్రు?"

"నేనే అమ్మా."

"నీ చేతులతోనే?"

"నా చేతులతోనే."

"సుక్క సుక్క పోస్తరా?"

"సుక్క సుక్కనే."

"అయిపోయేదాంక దగ్గర ఉన్నవా?"

"ఉన్న. మందు పోసిన తెల్లారి రాత్రి ఇంటికి గూడ రాలే చూడు, ఫ్రెండ్ దగ్గర ఉన్నన్నగద, ల్యాబ్‌లనే ఉన్న."

"ఒక్కడే లేడుగద?"

"లేడమ్మా. నేనున్న."

అమ్మ కండ్లు మూసుకున్నది. దవాఖాన గేటు కాడ నీళ్లు పారవోసిన నాడు సంది లోపల పట్టుకున్నదేదో ఇడిసినట్టు పెద్దగ ఊపిరి ఇడిసింది. "నన్నైతే పొయ్యనియ్యలే వాళ్లు. చెంబు పట్టుకొని అట్లనే కూసున్న. నువ్వు పోసినవ్. బిడ్డ చేతుల పోయిండు. ఇగ సాలు నాకు" అన్నది.

నా చేతులు ఏడ పెట్టుకోవాలెనో నాకు తెల్వలే.

అమ్మ కాలు ముందటికి చాపింది. "మట్టెలు బిర్రుగున్నయి. జర సబ్బు వెట్టి తియ్యి" అన్నది. అంతమందిని ఎల్లగొట్టినదాన్ని, ఆ పీటను ఎత్తి పడేసినదాన్ని, నేనే తీసిన. వేలు మీద తెల్లటి గీత పడి ఉన్నది. గాజులు ఒక్కటి గూడ పలగకుంట తనే తీసి పెట్టెల పెట్టింది. ఆఖరికి కొంగుతోని బొట్టు తుడుచుకున్నది.

"రేపు పిట్టకు పెడ్దాం" అన్నది లేచి నిలవడుకుంట. "పచ్చిపులుసు కారంగ జెయ్యి బిడ్డా. ఆ సప్పటి నీళ్లు తాగి తాగి ఆయన నోరు చచ్చిపోయి ఉంటది."